పిండికట్టు కట్టిన కొలిమి

27 సెప్టెంబర్ 1986. కొత్తగూడెం.

ప్రాజెక్టు నడిపే సర్ హైదరాబాద్ నుంచి, నేను పాఠాలు చెప్పే కాలేజీకి ట్రంక్ కాల్ చేశారు. ప్రిన్సిపాల్ రూంలో నిలబడి మాట్లాడాను. పాత కొలిముల ప్రాజెక్టుకి గోదావరి దగ్గర ఒక్క మంచి సైట్ కూడా లేదట. దసరా సెలవుల్లో ఒక్కటి దొరికినా చాలట. జీపు పంపిస్తారట. చివర్లో, ఆరోగ్యం, అని పేరుపెట్టి పిలిచి, నీకూ కొంచెం మార్పుగా ఉంటుంది, అన్నారు. నా భార్య ఇన్నమ్మ పోయాక దాని గురించి ఆయన అన్నది అంతే. అంతటితో ఆపినందుకు సంతోషించాను.

ఒప్పుకున్నాను.

4 అక్టోబర్.

సామాన్లు సర్దాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, స్పిరిట్ లెవెల్, దిక్సూచి, సూర్యుడి నీడతో దిక్కు చూపే సన్ కంపాస్, చిన్న రంపం.

ఈ పని ఎందుకు మొదలుపెట్టానో నాకే ఒకసారి రాసుకోవాలని ఉంది. మట్టి బాగా కాలి చల్లారేటప్పుడు, ఆ రోజున భూమి అయస్కాంతపు ఉత్తరం ఎటు ఉందో అది పట్టి ఉంచుకుంటుంది. ఆ ఉత్తరం ఒకచోట నిలవదు. తరాల మీద అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. పాత కొలిమి గోడని కదలకుండా, దిక్కు గుర్తుపెట్టి కోసి తెస్తే, ఆనాటి ఉత్తరం లాబ్‌లో చదవొచ్చు. షరతు ఒక్కటే. తర్వాత దానికి మళ్లీ మంట తగిలి ఉండకూడదు. తగిలితే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది.

ఇన్నమ్మ దీన్ని మట్టిపిచ్చి అనేది. వివరం ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

7 అక్టోబర్. పాల్వంచ లాడ్జి.

దొరికింది.

భద్రాచలం రోడ్డు దిగి లోపలికి పోతే అడవి అంచున భీమ్లా తండా. వాగు ఒడ్డున, ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం కుప్పలు. ముందు చూసింది లాలు. ప్రాజెక్టు జీపు డ్రైవరు, ముదిగొండ దిక్కు తండావాడు. మిరపచేను గట్టు పక్కన పారతో గీకితే ఎర్రటి వలయం బయటపడింది. ఇనుము కరిగించిన కొలిమి అడుగు. గోడ జానెడు ఎత్తున ఇంకా నిలిచే ఉంది. వాగు ఒండ్రు ఎప్పుడో కప్పేసింది కాబట్టి ఆ తర్వాత ఎవరూ మంట పెట్టలేదు. ఇంత శుభ్రమైనది నేను ఇంతవరకు చూడలేదు.

చేను రూప్లి అనే పెద్దామెది. భర్త పోయాడు. కోడలు కమ్లితో ఉంటుంది. తండా పెద్ద భీమ్లా ఆమెకు మరిది.

భీమ్లా కుదరదన్నాడు. టేపులు పట్టుకొచ్చినోళ్లంత గిట్లనే అన్నరు సారూ, జర చూసి పోతం అని, ఎనుక ఫారెస్టోళ్ల రాళ్లు పాతిండ్రు, అన్నాడు. ఇది భూమి సర్వే కాదు, ఈ మట్టి పాతకాలపు ఉత్తరం చూపిస్తుంది అన్నాను. ఉత్తరం మాకెరికే, గా గుట్ట దిక్కు, గిదడగనీకి గింత దూరం వచ్చినవా, అన్నాడు. మంచాల మీద కూచున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాల్సింది. నవ్వలేదు.

8 అక్టోబర్.

మళ్లీ వెళ్లాం. ఈసారి లాలు నన్ను వెనక నిలబెట్టి వాళ్ల భాషలో ఏదో మాట్లాడాడు. చూస్తుండగానే ముఖాలు మారాయి. రూప్లి లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది. కమ్లి జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెట్టింది. భీమ్లా నా వైపు చూడకుండా, తవ్వుకోమను, టేపు మాత్రం తీయొద్దని చెప్పు, అన్నాడు.

జీపెక్కాక ఏం చెప్పావని అడిగాను. ఏం లేదు సార్, అమ్మగారు పోయిండ్రని చెప్పిన, పండుగకు ఇంట్ల ఉండబుద్ధి కాక గిట్ల తిరుగుతుండని చెప్పిన, అన్నాడు.

కోపం వచ్చింది. కానీ జీపు వెనక్కి తిప్పమనలేదు.

11 అక్టోబర్.

అడవి చెక్‌పోస్టు దగ్గర గార్డు జీపు ఆపాడు. పర్మిట్ లేదు. ఈసారి నేనే చెప్పాను. నా భార్య పోయింది, కొంచెం మనసు బాగాలేదు, అన్నాను. గార్డు గొలుసు దించాడు. తన తమ్ముడి భార్య కూడా పోయిందన్నాడు. ఆమె సంగతి వినకుండానే లాలుని పోనిమ్మన్నాను.

13 అక్టోబర్.

దీన్ని రాయకుండా ఉండాలనుకున్నాను.

రూప్లి మిరపకి నీళ్లు పెట్టే కాలువ సరిగ్గా కొలిమి మీదుగా తీయాలి. పోయినేడు తీసిన కాలువ పూడిపోయింది. కమ్లి పార పట్టుకుని వచ్చేసింది. ఒక్క తడి పారితే అంతా బురద. నెలాఖరు దాకా ఆపమన్నాను. చెట్లు ఎండుతయి సార్, అంది కమ్లి. అప్పుడు రూప్లితో చెప్పాను. నా భార్య చివరి రోజుల్లో ఒక్కటే అడిగింది, ఈ పని వదలొద్దని, అన్నాను.

ఇన్నమ్మ చివరి రోజుల్లో మంచినీళ్లు అడిగింది. ఫ్యాన్ తగ్గించమంది. ఇంకేమీ అడగలేదు.

రూప్లి ఓణీ కొంగు కళ్లకి ఒత్తుకుంది. కోడల్ని పిలిచి కాలువ చుట్టు తిప్పి తీయమంది. చుట్టు తిప్పితే రాతినేల. కమ్లి ఎండలో మధ్యాహ్నం దాకా గడ్డపారతో తవ్వింది. నేను నీడలో కూచుని బ్రష్షుతో కొలిమి అడుగు తుడుస్తున్నాను. గడ్డపార రాయికి తగిలిన ప్రతిసారీ వినపడింది.

పోయే ముందు రూప్లి అడిగింది, ఆమె పేరేంది కొడుకా, అని. సరోజ అన్నాను. ఎందుకన్నానో తెలియదు. బహుశా అసలు పేరు ఇలాంటి పనికి వాడకూడదనిపించింది. అంటే ఇది ఎలాంటి పనో నాకు తెలుసన్నమాట.

దారిలో లాలు, అమ్మగారి పేరు గది కాదు గద సార్, అన్నాడు. వీళ్లకి పలకడం కష్టమన్నాను. మావోళ్లు ఆరోగ్యం అనే పేరే పలుకుతున్నరు సార్, ఇన్నమ్మ ఎంత, అన్నాడు. 

20 అక్టోబర్. కొత్తగూడెం.

కాలేజీ తెరిచారు. వాన.

26 అక్టోబర్.

ఎండ లేదు. చిట్టెంలో ఇనుము ఉంది కాబట్టి అక్కడ దిక్సూచిని నమ్మలేం. సూర్యుడి నీడతోనే దిక్కు గుర్తుపెట్టాలి. అందుకే ఆగాల్సి వచ్చింది.

ఆదివారం కదా అని చర్చిలో పూజ ముగియగానే వెళ్లి చూశాను. వానకి కొలిమి పాడైపోయి ఉంటుందనుకున్నాను. నేను కప్పిన టార్పాలిన్ మీద రూప్లి తాటాకులు పరిచి, చుట్టూ రాళ్లు పేర్చి, మేకలు రాకుండా ముళ్లకంప వేసింది. చుట్టుపక్కల ఊడ్చి ఉంది. ఎవరు చెప్పారని అడిగాను. గది నీ పొయ్యి కాదా బిడ్డా, పొయ్యిల నీళ్లు పోనిస్తరా ఎవరన్న, అంది.

పెద్దామె మాట అనుకున్నాను. సహాయానికి థాంక్స్ చెప్పాను. ఆమెకు ఆ మాట తెలియదు. లాలు చెప్పాడు.

1 నవంబర్. శనివారం. సాయంత్రం, పాల్వంచ.

దీపావళి సెలవు. ఆకాశం తెరిపి ఇచ్చింది.

పొద్దున బయల్దేరుతుంటే వదిన వచ్చింది. ఇన్నమ్మ అక్క, అంతోనమ్మ. రేపు సమాధుల పండుగ, చెల్లె పోయినంక మొదటి ఏడు, మరిచిపోకు మరిదీ, అంది. సాయంత్రం ప్రార్థన వేళకి నేరుగా సమాధుల తోటకి వచ్చేస్తానన్నాను.

ఈ రోజు పని బాగా సాగింది. కొలిమి అడుగునా గోడ మీదా పన్నెండు చోట్ల ప్లాస్టర్ వేసి లెవెల్ చేశాను. రేపు పొద్దున ఎండలో వాటి మీద నీడ గీతలు గీసి, రంపంతో కోసుకోవడమే. తండా ఆడవాళ్లు చుట్టూ చేరారు. మట్టికి పిండికట్టు కడుతుండు సారు, ఏ ఎముక ఇరిగిందే దీనికి, అంది ఒకామె. కాలిరిగిందేమో, గందుకే ఇన్నేండ్లు లేవలే, అంది కమ్లి. నవ్వాను. ఇవాళ చాలాసార్లు నవ్వాను.

తెల్లటి ప్లాస్టర్ బిళ్లలు ఎర్రటి నేల మీద వరసగా కనిపిస్తే రూప్లికి ఎంతో నచ్చింది. వాటిని చూస్తూ చాలాసేపు నిలబడింది. రేపు పొద్దుగాల జల్దీ రా కొడుకా, ఆలస్యం చెయ్యకు, అంది. నాకూ అదే కావాలి, ఎండ పెరగకముందే వస్తానన్నాను.

2 నవంబర్. ఆదివారం. మధ్యాహ్నం, తండా.

జీపులో కూచుని రాస్తున్నాను. లాలు ఎక్కడికో పోయాడు.

మేము వచ్చేసరికి కొలిమి చుట్టూ తండా అంతా ఉంది. ఆడవాళ్లు అద్దాల రవికెలతో, మగవాళ్లు ఉతికిన ధోవతులతో.  దగ్గరికి వెళ్లి చూశాను. కొలిమి అడుగు మధ్యలో నిప్పులు. ఎర్రటి కణకణలాడే నిప్పులు, నా ప్లాస్టర్ బిళ్లల నడుమ. రూప్లి పక్కన గిన్నెలో నెయ్యి, ఇత్తడి పళ్లెంలో బెల్లం పాయసం.

లాలుకి వెంటనే అర్థమైంది. నా చెయ్యి పట్టుకుని గబగబా చెప్పాడు. దీపావళి మర్నాడు పొద్దున వీళ్లు నిప్పుల మీద నెయ్యి, పాయసం వేసి, చనిపోయినవాళ్లని పేరుపెట్టి పిలిచి తినిపిస్తారు. ఎవరి మనిషికి వాళ్ల పొయ్యి మీదే పెట్టాలి. ఇంకొకరి పొయ్యి మీద పెడితే అందదు. వీళ్ల దృష్టిలో, సార్ తన భార్య మాట నిలబెట్టడానికి పొయ్యి తవ్వుకున్నాడు, రోజూ తుడుచుకున్నాడు, వానకి కప్పుకున్నాడు, పండుగ ముందురోజు తెల్లగా ముగ్గు కూడా పెట్టుకున్నాడు. పాపం పరదేశి, పద్ధతి తెలియదు, ఇంట్లో వండిపెట్టే ఆడమనిషి లేదు. అందుకని పాయసం రూప్లి ఇంట్లో వండారు. నిప్పులు రూప్లి పొయ్యిలోంచి తెచ్చారు. తమ ఇళ్లలో పెద్దలకి పెట్టుకోవడం కూడా ఆపి నా కోసం కూచున్నారు.

నేను ఆలస్యంగా వచ్చాను. జీపు టైరు మార్చాల్సి వచ్చింది. నిప్పులు చల్లారిపోతున్నాయని, లాలు ఇంకా చెబుతుండగానే రూప్లి మొదలుపెట్టేసింది. ఒక గరిటె నెయ్యి వేసింది. మంట లేచింది. ఒక ముద్ద వేసి పిలిచింది. సరోజా, రా తల్లీ, తిను, నీ మొగడు కట్టిన పొయ్యి ఇది, కడుపునిండ తిను, అంది. వాళ్ల భాషలో కాదు. తెలుగులో. ఆమెకు అర్థం కావాలని.

నాకు ఏమీ అనిపించలేదు. ఆ సరోజ ఎవరో నాకు తెలియదు. నాకు కనిపించింది మూడు, నాలుగు, ఐదో నంబరు శాంపిళ్లు. మంట వాటి మీదే ఉంది.

వద్దు వద్దు అని అరుస్తూ కొలిమిలోకి దూకాను. బూటుతో నిప్పులు తన్నాను. ఎడమకాలితో, కుడికాలితో. నిప్పులు, నెయ్యి, పాయసం అన్నీ చేనులోకి. పళ్లెం కాలికి తగిలి దొర్లుకుంటూ పోయి వాగు గట్టు మీద పడింది. ఆ చప్పుడు ఆగేదాకా తన్నుతూనే ఉన్నాను.

 కమ్లి వెళ్లి పళ్లెం తెచ్చుకుంది. మట్టి తుడిచింది. ఒక ముసలాయన తలపాగా తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రూప్లి చేతిలో గరిటె అలాగే ఉంది. నన్ను కాదు, కొలిమిని చూస్తోంది.

భీమ్లా అన్నాడు, సొంత పెండ్లాం నోటికాడి ముద్ద తన్నినవ్ గదా సారూ, అని. తిట్టలేదు. అర్థం కాక అడిగినట్టే అన్నాడు. తర్వాత, గీడ మావోళ్లు ఇంక నిప్పు పెట్టరు, నీళ్లు పొయ్యరు, నీ పొయ్యి నువ్వు మొత్తం తీస్కపో, అన్నాడు. అందరూ ఇళ్లలోకి వెళ్లిపోయారు.

ఎండ బాగుంది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

నీడ గీతలు గీశాను. పన్నెండూ కోశాను.

సాయంత్రం.

సమాధుల తోటకి వెళ్లలేదు. పెట్టెల్లో శాంపిళ్లు కదలకుండా గడ్డి సర్దుతూ కూచున్నాను.

3 నవంబర్. కొత్తగూడెం.

వదిన వచ్చింది. ఎక్కడికి పోయినవ్ మరిదీ, పాదర్ గారు పేర్లు చదివేటప్పుడు ఇన్నమ్మ పేరొచ్చింది, నువ్వు లేవు, నీ కొవ్వొత్తి కూడ నేనే ముట్టించిన, అంది. ఫీల్డ్‌లో జీపు చెడిపోయిందన్నాను. టైరు మాట నిజమే. అది చాలనుకున్నాను.

కూర తెచ్చింది. తిన్నాను.

10 నవంబర్.

క్లాసులో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. కాలిన మట్టి సంగతి పిల్లలకి ఎప్పుడూ ఉదాహరణగా చెబుతాను. పైన పెట్టిన చిన్న మంట వేడి లోపలికి ఎక్కువ దిగదు, పై పొర మటుకే మారుతుంది, అని నేనే ప్రతి ఏడూ బోర్డు మీద బొమ్మ వేస్తాను.

ఆ నిప్పులు ఇంకో గంట ఉన్నా నాకు పోయేది ఏమీ లేదు. అది నాకు తెలుసు. తన్నేటప్పుడు కూడా తెలుసు.

16 నవంబర్.

బస్సులో వెళ్లాను. లాలు లేడు, జీపు హైదరాబాద్ వెళ్లిపోయింది. రోడ్డు దగ్గర దిగి నడిచాను. కొలిమి తీసిన గుంట పూడ్చాలన్న నెపం పెట్టుకున్నాను. పార కావాలని రూప్లి గుడిసె ముందు నిలబడ్డాను.

కమ్లి పార తెచ్చి నేలమీద పెట్టింది. చేతికి ఇవ్వలేదు. అయినా తెచ్చింది.

గుంట పూడుస్తుంటే రూప్లి వచ్చి గట్టు మీద కూచుంది. పార పట్టుడు రాదు నీకు, అంది.  కాలువలో నీళ్లు చుట్టు తిరిగి పోతున్నాయి.

చెప్పేశాను. నా భార్య ఈ పని చెయ్యమని అడగలేదు, అబద్ధం చెప్పాను, కాలువ ఆపడానికి చెప్పాను. ఆమె పేరు సరోజ కూడా కాదు. ఇన్నమ్మ.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. రూప్లి మొదట ఆ పేరు నోట్లో అనుకుని చూసింది. ఇన్నమ్మ, ఇన్నమ్మ, మంచిగనే ఉన్నది గద, దీనికేమొచ్చింది, అంది. మరి సరోజెవరు అంది. ఎవరూ లేరన్నాను. లేకపోతే ఎట్ల, నువ్వు తన్నకముందు ఒక్క ముద్ద పడ్డది గద, ఏ సరోజకో అందే ఉంటది, పిలిచెటోళ్లు లేని సరోజ ఎవతో ఉంటది, ఆమె తిన్నదిలే, అంది.

ఇన్నమ్మకి ఇప్పుడు పెట్టొచ్చా అని అడిగాను. 

రూప్లి పూడ్చిన గుంట వైపు చూసింది. నీ పొయ్యి యాడున్నది బిడ్డా ఇప్పుడు, పెట్టెలల్ల పెట్టి పట్నం పంపితివి, అంది. ఎగతాళి కాదు. ఉన్నమాట. మా పొయ్యి మీద నీ మనిషికి పెడితే అందదు, లేకుంటే పెట్టకపోదునా, అంది.

పార కడిగి గోడకి ఆనించాను. కమ్లికి చెప్పి వద్దామని చూశాను. చేనులో ఉంది. వెనక్కి తిరగలేదు. కాలువ గురించి ఆమెకి నేను ఏమీ చెప్పలేకపోయాను. రూప్లితో చెప్పడం సులువు, ఆమె క్షమించే మనిషి. రాయి తవ్వింది కమ్లి.

20 జనవరి 1987. హైదరాబాద్.

సెలవు పెట్టి లాబ్‌కి వచ్చాను. పన్నెండు శాంపిళ్లూ కొలిచాం. సర్ ముఖం వెలిగిపోతోంది. దిక్కులన్నీ ఒకే గుంపుగా పడ్డాయి. ఈ ప్రాజెక్టులో ఇంత మంచి సైట్ రాలేదన్నారు. ఆనాటి ఉత్తరం ఇప్పటికంటే బాగా తూర్పుకి ఉంది. కాంటీన్‌లో అందరి ముందూ నా భుజం తట్టి, ఆ తండాలో ఎవరినీ అడుగు పెట్టనియ్యరట గదా, ఏం చెప్పి ఒప్పించావయ్యా, అన్నారు. అందరూ నా వైపు చూశారు.

టీ చల్లారిపోతోందన్నాను.

22 జనవరి.

ఒక్క ఇబ్బంది. మూడు, నాలుగు, ఐదో నంబర్లలో పై పొరలో ఇంకో దిక్కు కూడా ఉంది. బలహీనంగా. అచ్చం ఇవాళ్టి ఉత్తరం. మెల్లగా వేడిచేసి తీసేయొచ్చు, అది మామూలే, క్లీనింగ్ అంటాం. అయస్కాంత క్షేత్రం లేని ఓవెన్‌లో రెండు వందల డిగ్రీల దాకా తీసుకుపోతే పోతుంది. కింద ఉన్న పాతది మిగులుతుంది.

గ్రాఫ్ మీద ఆ కొత్త దిక్కుని చాలాసేపు చూశాను. పెన్సిలు మొన అంత పొడవు.

23 జనవరి. ఓవెన్ రూం.

రికార్డు కోసం కారణం కావాలన్నారు సర్. ఎవరో ఈమధ్య మంట వేశారు, గొర్లకాపరులా, అని అడిగారు.

నా భార్యకి అన్నం పెట్టారు, అన్నాను.

ఆయన కళ్లజోడు తీశారు. బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు.

ఆ మూడు శాంపిళ్లూ ఓవెన్‌లో పెట్టి స్విచ్ వేశాను.